ఆ సున్నా ఎవరిచ్చింది? ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే బయటపడే మెమరీ బగ్గులు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

"విండోస్‌లో బాగానే నడుస్తోంది, లినక్స్‌లోనే కూలిపోతోంది." ఇలాంటి బగ్ రిపోర్టు రాగానే సగంమంది లినక్స్‌ని అనుమానిస్తారు, మిగతా సగం కంపైలర్‌ని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. పోర్టింగ్, అంటే ఒక సిస్టమ్‌కి రాసిన ప్రోగ్రాముని ఇంకోదానికి తెచ్చే పని, చేసేవాళ్లకి ముందు రావాల్సిన అనుమానం వేరే ఉంది. ఎక్కడో ఒక వేరియబుల్‌లో ఎవరూ ఏమీ రాయలేదు, దాన్ని ఎవరో చదివేస్తున్నారు. ఆ అనుమానం వచ్చాక "లినక్స్‌లో ఎందుకు పోతోంది" అని తవ్వడం కన్నా "విండోస్‌లో అసలు ఎందుకు నడుస్తోంది" అని తవ్వితే దారి త్వరగా దొరుకుతుంది. ఈ రోజు మాట్లాడేదంతా ఆ రెండో ప్రశ్న గురించే.

రూల్స్ మీకు తెలిసినవే, ఒక్క నిమిషంలో చెప్పి ముందుకు వెళ్తాను. సీ, సీ++లలో గ్లోబల్, స్టాటిక్ వేరియబుల్స్ సున్నాతో మొదలవుతాయని భాషే హామీ ఇస్తుంది. ఫంక్షన్ లోపలి మామూలు వేరియబుల్స్‌కి ఆ హామీ లేదు. నడుస్తుండగా మెమరీ అడిగే మాలక్ ఫంక్షన్ ఇచ్చిన చోటుకి లేదు, క్యాలక్ ఇచ్చినదానికి ఉంది. రియాలక్‌తో ఆ చోటుని పెంచినప్పుడు కొత్తగా కలిసిన భాగానికి లేదు. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు.

హామీ లేకపోయినా ఎక్కువసార్లు సున్నాయే కనిపిస్తుంది. ఆ సున్నా ఎక్కడి నుంచి వస్తోంది?

కెర్నల్ నుంచి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం నుంచి. ప్రాసెస్‌కి (నడుస్తున్న ప్రోగ్రాముకి) మెమరీలో కొత్త పేజీ ఇచ్చే ముందు లినక్స్ అయినా విండోస్ అయినా దాన్ని సున్నాలతో తుడిచి ఇస్తుంది. మన మీద ప్రేమతో కాదు. అంతకు ముందు ఆ పేజీ వాడిన ప్రాసెస్ తాలూకు పాస్‌వర్డో, కీనో మన చేతిలో పడకూడదని. అది సెక్యూరిటీ కోసం పెట్టిన ఏర్పాటు, మన ప్రోగ్రాముకి అనుకోకుండా కలిసొచ్చింది. అందుకే రెండు సెకన్లు నడిచి ఆగిపోయే చిన్న టెస్టు దాదాపు ఎప్పుడూ పాసవుతుంది. దానికి దక్కేవన్నీ కొత్త పేజీలే. గంటల తరబడి నడిచే సర్వర్ తను ఫ్రీ చేసిన, అంటే వాడి తిరిగిచ్చిన, ముక్కల్నే మళ్లీ మళ్లీ తీసుకుంటుంది. అక్కడ కెర్నల్ ప్రమేయం ఉండదు, తుడిచేవాడూ ఉండడు. ముందున్నవాళ్లు వదిలేసిన సామానుతోనే ఇల్లు చేతికొస్తుంది.

ఆ సామాను ఏమిటన్నది అలకేటర్‌ని, అంటే మాలక్ వెనక మెమరీ పంచే కోడ్‌ని, బట్టి మారుతుంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీని కాస్త దగ్గరగా చూద్దాం. 64 బిట్ సిస్టమ్‌లో చిన్న ముక్కని ఫ్రీ చేస్తే అది టీక్యాష్ అనే జాబితాలోకి పోతుంది. ముక్కలో మొదటి 8 బైట్లలో తర్వాతి ముక్క చిరునామా రాసిపెట్టుకుంటుంది. తర్వాతి 8 బైట్లలో ఒక గుర్తు పెడుతుంది, ముక్కని మళ్లీ మనకిచ్చేటప్పుడు ఆ గుర్తుని సున్నా చేస్తుంది. మొదటి 8 బైట్లని మాత్రం ముట్టుకోదు. 16వ బైటు నుంచి మీ పాత డేటా చెక్కుచెదరకుండా ఉంటుంది.

మీ స్ట్రక్చర్‌లో మొదటి మెంబర్ ఒక పాయింటర్ (చిరునామా దాచే వేరియబుల్), దాన్ని ఇనీషియలైజ్ చేయడం మర్చిపోయారనుకోండి. జీలిబ్‌సీ 2.31లో, జాబితాలో అదొక్కటే ముక్క అయితే, తర్వాతి ముక్క లేదు కాబట్టి అక్కడ సున్నా ఉండేది. మీ కోడ్‌లో "నల్ అయితే వదిలెయ్" అని ఉంటే అంతా సజావుగా నడిచేది. 2020లో వచ్చిన 2.32లో సేఫ్ లింకింగ్ అనే రక్షణ పెట్టారు. ముక్క చిరునామాని 12 బిట్లు కుడికి జరిపి, రాయబోయే పాయింటర్‌తో ఎక్సార్ చేసి (బిట్లు వేరైన చోట 1 వచ్చేలా కలిపి) రాస్తారు. రాయబోయేది సున్నా అయినా ఫలితం ఇక సున్నా కాదు. లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ 11లో 2.31 ఉంది, డెబియన్ 12లో 2.36. మీరు ఒక్క అక్షరం మార్చలేదు, సర్వర్ అప్‌గ్రేడ్ చేశారు, ప్రోగ్రాము కూలింది. నిందంతా డెబియన్ మీదకి పోతుంది.

పెద్ద ముక్కల కథ ఇంకో రకం. 128 కిలోబైట్లు దాటిన విన్నపాన్ని జీలిబ్‌సీ మొదట్లో నేరుగా కెర్నల్‌ని కొత్త పేజీలడిగే ఎమ్‌మ్యాప్‌తో తీరుస్తుంది, కాబట్టి సున్నాలే. ఆ ముక్కని ఫ్రీ చేయగానే ఆ హద్దుని తనే పైకి జరుపుకుంటుంది. ఇకపై అదే సైజు అడిగితే హీప్‌లోంచి, అంటే తన దగ్గరున్న మెమరీ నిల్వలోంచి, ఇస్తుంది, వాడిన చోటే మళ్లీ రావడం మొదలవుతుంది. అందుకే "మొదటి ఫైల్ బాగానే తెరుచుకుంటుంది, మూడో ఫైల్ దగ్గర బొమ్మ చెడిపోతోంది" లాంటి ఫిర్యాదులు.

మిగతా సిస్టమ్స్‌ని గబగబా చూసేద్దాం. ఓపెన్‌బీఎస్‌డీ ఫ్రీ చేసిన చిన్న ముక్కల్ని మామూలుగానే హెక్స్ (16 ఆధారంగా రాసే సంఖ్య) డీఎఫ్‌తో నింపేస్తుంది. బగ్గుని దాచడం దానికి రాదు, అందుకే చాలా ప్రాజెక్టుల్లో ఈ రకం తప్పులు మొదట అక్కడే బయటపడతాయి. ఫ్రీబీఎస్‌డీలోని జేఈమాలక్‌లో జంక్ ఆప్షన్ పెడితే కొత్త ముక్కల్ని ఏ5తోనూ, ఫ్రీ చేసినవాటిని 5ఏతోనూ నింపుతుంది. మ్యాక్ వైపు ఇందుకు పూర్తిగా ఎదురు. మ్యాక్‌ఓఎస్ 13 నుంచి ఫ్రీ చేసిన ముక్కల్ని సిస్టమ్ అలకేటర్ సున్నా చేసేస్తోంది. సెక్యూరిటీకి మంచిదే. కానీ మీ టీమంతా మ్యాక్‌ల మీద రాసి, సర్వర్‌ని లినక్స్‌లో నడుపుతుంటే, అన్నిటికన్నా మెత్తటి పరుపు మీద టెస్టు చేస్తున్నారన్నమాట.

విండోస్‌లో విజువల్ సీ++ డీబగ్ బిల్డ్ (తప్పులు వెతకడానికి కట్టేది) మాలక్ ముక్కల్ని సీడీతో, స్టాక్ వేరియబుల్స్‌ని, అంటే ఫంక్షన్ లోపలివాటిని, సీసీతో నింపుతుంది. వాడేవాళ్లకిచ్చే రిలీజ్ బిల్డ్ ఏదీ నింపదు. ఒక ఫ్లాగ్ డీబగ్‌లో "నిజం", రిలీజ్‌లో "అబద్ధం" అవుతుంటే కారణం ఇదే కావచ్చు. పైగా డీబగ్గర్ లోపలి నుంచి ప్రోగ్రాముని మొదలుపెడితే విండోస్ హీపే వేరే నమూనాతో నింపుతుంది, బీఏఏడీఎఫ్00డీ అని. ఇంగ్లీషులో "పాడైన తిండి" అని చదువుకోవచ్చు, ఎవరి చమత్కారమో గానీ. డీబగ్గర్ కింద కూడా మామూలు ప్రవర్తన కావాలంటే నో_డీబగ్_హీప్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని, ముందు అండర్‌స్కోర్‌తో, 1 చేయండి.

ఈ నమూనాల్ని కంటితో గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి, పని సగం తగ్గుతుంది. 32 బిట్ పూర్ణాంకంగా లాగ్‌లో −842150451 కనిపిస్తే అది సీడీ, హీప్ ముక్క. −858993460 అయితే సీసీ, స్టాక్. −1094795586 అయితే బీఈ, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ మాలక్‌లో నింపింది. డబుల్ విలువ మైనస్ 9.2559 ఇంటూ 10 టు ద పవర్ 61 వచ్చినా అది సీసీయే. "ఏదో పిచ్చి నంబర్ వస్తోంది" అని టికెట్‌లో రాసి వదిలేయకండి, ఆ నంబర్ ఏదో రాయండి. చాలాసార్లు జవాబు అందులోనే ఉంటుంది.

స్టాక్ విషయంలో చెత్తకి మూలాలు వేరు. లినక్స్‌లో మెయిన్ మొదలవక ముందే డైనమిక్ లింకర్ అదే స్టాక్ మీద చాలా పని చేసి వెళ్తుంది. మెయిన్‌లోని మీ వేరియబుల్ కూర్చునేది దాని ఎంగిలి విస్తరిలోనే. విండోస్ 64 బిట్‌లో ప్రాసెసర్ రిజిస్టర్లలో నాలుగు ఆర్గ్యుమెంట్లే పోతాయి, పిలిచేవాడు 32 బైట్ల చోటు విడిగా వదలాలి. లినక్స్‌లో పూర్ణాంకాలు, పాయింటర్లు ఆరు దాకా రిజిస్టర్లలో పోతాయి. ఫ్రేముల (స్టాక్‌లో ఒక్కో ఫంక్షన్‌కి దక్కే చోటు) అమరికే వేరు కాబట్టి ఒకే వేరియబుల్ కింద పాత డేటా వేరుగా పడుతుంది. జీడీబీ డీబగ్గర్‌లో పెట్టగానే బగ్ మాయమవడానికీ మంత్రమేం లేదు. జీడీబీ చిరునామాల యాదృచ్ఛికతని ఆపేస్తుంది, పైగా లైన్స్, కాలమ్స్ అనే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చేర్చి స్టాక్‌ని కొంచెం జరుపుతుంది. అంతే.

ఇప్పటిదాకా చెత్త ఎందుకు మారుతుందో చూశాం. ఇక సిస్టమ్ మారడం వల్లే తప్పు పుట్టే సందర్భాలున్నాయి. ఇవి నాకు ఎక్కువ ఆసక్తి.

మొదటిది. సాకెట్‌లో, అంటే నెట్‌వర్క్ కనెక్షన్‌కి మన వైపు కొసలో, ఎన్ని బైట్లు చదవడానికి సిద్ధంగా ఉన్నాయో తెలుసుకోవాలి. విండోస్‌లో ఐఓసీటీఎల్‌సాకెట్ అనే ఫంక్షన్‌కి ఎఫ్ఐఓఎన్‌రీడ్ అని చెప్పి, అన్‌సైన్డ్ లాంగ్ చిరునామా ఇస్తాం. విండోస్‌లో లాంగ్ 4 బైట్లు, 64 బిట్‌లో కూడా. ఈ కోడ్‌ని లినక్స్‌కి తెచ్చేవాళ్లు ఒక మాక్రో రాసి ఐఓసీటీఎల్‌కి మళ్లిస్తారు. 64 బిట్ లినక్స్‌లో లాంగ్ 8 బైట్లు. కెర్నల్ మాత్రం ఒక ఇంట్, అంటే 4 బైట్లే రాస్తుంది. పై నాలుగు బైట్లు ఎవరూ రాయనివి. ఐఓసీటీఎల్ ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా, ఏ టైపువయినా తీసుకుంటుంది కాబట్టి కంపైలర్ నోరు మెదపదు.

సాకెట్‌లో 120 బైట్లు ఉన్నాయనుకోండి. పై సగం సున్నా అయితే 120 వస్తుంది, అంతా బాగే. అంతకు ముందు అక్కడ ఒక స్టాక్ పాయింటర్ ఉండి ఉంటే, దాని పై సగం హెక్స్‌లో 7ఎఫ్ఎఫ్‌సీ లాంటిది. ఇప్పుడు మీ సంఖ్య దాదాపు 140 లక్షల కోట్ల బైట్లు. వెంటనే అంత మాలక్ చేస్తారు, నల్ వస్తుంది, దాన్ని చెక్ చేయకపోతే అక్కడ కూలుతుంది. కూలిన చోటు మాలక్ పక్కన, తప్పు పది లైన్ల పైన. 32 బిట్ లినక్స్‌లో ఈ బగ్ ఉండనే ఉండదు. సంఖ్య పై బైట్లని ముందు పెట్టే బిగ్ ఎండియన్ మెషీన్‌లో అయితే రాసిన 4 బైట్లే పై సగంలో పడతాయి, అక్కడ మొదటిసారే దొరికిపోతుంది.

రెండోది స్ట్రక్ట్ టీఎం, అంటే తేదీనీ సమయాన్నీ దాచే స్ట్రక్చర్. స్టాండర్డ్ చెప్పే మెంబర్లు తొమ్మిది: సెకన్ల నుంచి టీఎం_ఈజ్‌డీఎస్‌టీ వరకు. తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా, శ్రద్ధగా నింపారు. తర్వాత దాన్ని అక్షరాల్లోకి మార్చే ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్‌కి పర్సెంట్ పెద్ద జెడ్ ఇచ్చి టైమ్‌జోన్ పేరు అడిగారు. విండోస్‌లో ఆ స్ట్రక్చర్‌లో ఉన్నవి తొమ్మిదే, కాబట్టి పేరుని సిస్టమ్ సెట్టింగుల నుంచి తెస్తుంది. జీలిబ్‌సీ, మజిల్ అనే ఇంకో సీ లైబ్రరీ, బీఎస్‌డీలు, మ్యాక్ ఇంకో రెండు కలిపాయి: టీఎం_జీఎమ్‌టీఆఫ్, టీఎం_జోన్. రెండోది ఒక పాయింటర్. మీరు దాన్ని ముట్టుకోలేదు. జీలిబ్‌సీ దాన్ని నమ్మి నేరుగా చదువుతుంది. అక్కడ సున్నా ఉంటే ఖాళీ పేరు ఇస్తుంది, చెత్త ఉంటే కూలుతుంది. ఆల్పైన్ లినక్స్‌లో ఉండే మజిల్ ఆ పాయింటర్ తనకి తెలిసిన పేర్లలో ఒకదానిదేనా అని ముందు సరిచూసుకుని, కాకపోతే ఖాళీ పేరు ఇస్తుంది. ఒకే తప్పు: విండోస్‌లో సరైన పేరు, ఆల్పైన్‌లో ఖాళీ, డెబియన్‌లో క్రాష్. మెంబర్లని ఒక్కొక్కటిగా నింపడమే ఇక్కడి లోపం. డిక్లరేషన్‌లోనే మొత్తం స్ట్రక్చర్‌ని సున్నా చేసి, ఆ తర్వాత కావాల్సినవి నింపండి. అలా చేస్తే మీకు పేరు కూడా తెలియని మెంబర్లకీ దిక్కుంటుంది. గెట్‌అడ్రఇన్ఫోకి ఇచ్చే హింట్స్‌కీ, విండోస్ స్టార్టప్‌ఇన్ఫోకీ, ఓవర్‌ల్యాప్డ్‌కీ ఇదే పద్ధతి.

మూడోది చిన్నది. వచ్చిన కనెక్షన్‌ని అందుకునే యాక్సెప్ట్ ఫంక్షన్‌కి ఇచ్చే పొడవు వేరియబుల్. అది ఫలితం మాత్రమే అనుకుంటారు, నిజానికి లోపలికి కూడా పోతుంది, బఫర్ ఎంతుందో చెప్పడానికి. దాన్ని నింపకపోతే లినక్స్‌లో ఆ చెత్త పెద్ద ధన సంఖ్య అయిన రోజున పనిచేస్తుంది. రుణ సంఖ్య అయితే ఈఐఎన్‌వీఏఎల్ అనే ఎర్రర్ వస్తుంది, కనెక్షన్ పోతుంది. సున్నా అయితే ఇంకా విచిత్రం: యాక్సెప్ట్ సఫలమే, కానీ అవతలివాళ్ల చిరునామా ఒక్క బైటు కూడా రాయదు. లాగ్‌లో ఏదో పాత చిరునామా పడుతుంది. ఇక్కడ సున్నాయే హానికరమైన చెత్త.

కంపైలర్ గురించి ఒక మాట. "చెత్త విలువ" అనే మాటే కొంత తప్పుదారి పట్టిస్తుంది, అక్కడ ఏదో ఒక విలువ స్థిరంగా ఉందనిపిస్తుంది. కంపైలర్‌లో కోడ్‌ని వేగవంతం చేసే ఆప్టిమైజర్ అలా అనుకోదు. బూలియన్‌లో 0 లేదా 1 మాత్రమే ఉంటాయని నమ్మి కోడ్ రాస్తుంది. అందులో సీడీ ఉంటే "అయితే" కొమ్మా, "కాకపోతే" కొమ్మా రెండూ నడవడం నిజంగా జరుగుతుంది. అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్‌లో బూల్ చెక్ దీన్ని పట్టుకుంటుంది.

ఇక పట్టుకునే పని. ఈ వరుసలో వెళ్లమంటాను.

ముందు వార్నింగులు. జీసీసీ కంపైలర్‌లో మామూలు వార్నింగులు తెచ్చే డబ్ల్యూఆల్‌తో పాటు కనీసం ఓ2 ఆప్టిమైజేషన్ పెట్టండి. మేబీ‑అన్‌ఇనీషియలైజ్డ్ వార్నింగ్ ఆప్టిమైజేషన్ లేకుండా దాదాపు పనిచేయదు. క్లాంగ్ కంపైలర్‌లో కండిషనల్‑అన్‌ఇనీషియలైజ్డ్ డబ్ల్యూఆల్‌లో రాదు, విడిగా అడగాలి.

తర్వాత చెత్తని మీ చేతిలోకి తీసుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా చవకైన, ఎక్కువమంది వాడని మార్గం ఇదే. జీలిబ్‌సీలో మాలక్_పర్టర్బ్_ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 165 ఇస్తే, ఫ్రీ చేసినవి ఏ5తోనూ, కొత్తగా ఇచ్చేవి దాని తలకిందుల రూపం 5ఏతోనూ నిండుతాయి. 255 మాత్రం ఇవ్వకండి, దాని తలకిందులు సున్నా, మళ్లీ బగ్గుని దాచినట్టే. ఇంకో చిక్కు ఉంది: టీక్యాష్ నుంచి వచ్చే ముక్కలకి ఈ నింపడం వర్తించని జీలిబ్‌సీ వెర్షన్లున్నాయి, చిన్న ముక్కలన్నీ అక్కడి నుంచే వస్తాయి. అందుకని జీలిబ్‌సీ_ట్యూనబుల్స్‌లో టీక్యాష్_కౌంట్‌ని 0 చేసి నడపండి. మ్యాక్‌లో మాలక్‌ప్రీస్క్రిబుల్ పెడితే ఏఏతో నింపుతుంది. స్టాక్‌కి ట్రివియల్‑ఆటో‑వార్‑ఇనిట్ ఆప్షన్ ఉంది, క్లాంగ్ 8 నుంచి, జీసీసీ 12 నుంచి. ఒక బిల్డ్ ప్యాటర్న్‌తో, ఒకటి జీరోతో చేసి, ఒకే టెస్టు రెండింటిలో నడిపి అవుట్‌పుట్ పోల్చండి. తేడా వస్తే అనుమానం తీరినట్టే. డెబియన్‌లో మాత్రమే కూలేది ఇప్పుడు ఎక్కడైనా కూలుతుంది.

ఆ తర్వాత వాల్‌గ్రైండ్, నడుస్తున్న ప్రోగ్రాము మెమరీ వాడకాన్ని గమనించే సాధనం. ప్రోగ్రాము 20, 30 రెట్లు నెమ్మదిస్తుంది, భరించాలి. ట్రాక్‌ఆరిజిన్స్‌కి ఎస్ అని తప్పక ఇవ్వండి. ఎందుకంటే రాయని బైట్లని కాపీ చేస్తే అందులోని మెమ్‌చెక్ ఏమీ అనదు. వాటిని బట్టి ఒక నిర్ణయం జరిగినప్పుడు, వాటిని చిరునామాగా వాడినప్పుడు, లేదా సిస్టమ్ కాల్‌కి పంపినప్పుడే అరుస్తుంది. అంటే అరిచే చోటు, పుట్టిన చోటు వేరు. మధ్యలో ఎక్కడ పాడైందో తెలియకపోతే, డేటా ఒక చేయి నుంచి ఇంకో చేయికి మారే చోట్ల చెక్_మెమ్_ఈజ్_డిఫైన్డ్ మాక్రో పెట్టుకుంటూ లోపలికి జరగండి. వేగం కావాలంటే క్లాంగ్ మెమరీ శానిటైజర్, మామూలుగా మూడు రెట్ల మందగమనం. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీలకే ఉంది, విండోస్‌కీ మ్యాక్‌కీ లేదు. లిబ్‌సీ++తో సహా లైబ్రరీలన్నీ దానితోనే కంపైల్ చేయాలి, లేకపోతే లేని తప్పులు చూపిస్తుంది. విండోస్‌లో డాక్టర్ మెమరీ ఉంది. అడ్రస్ శానిటైజర్ శుభ్రంగా ఉందంటే ఈ రకం బగ్గులు లేవని అనుకోకండి. అది వీటిని వెతకదు.

దొరికాక దిద్దే ముందు ఒక్క క్షణం ఆగండి. 2006లో డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ప్యాకేజీలో వాల్‌గ్రైండ్ వార్నింగులు ఆపడానికి ఒకేలా కనిపించే లైను రెండు చోట్ల తీసేశారు. ఒకచోట అది రాయని బఫర్‌ని కలిపేదే, పోతే నష్టం లేదు. రెండోచోట అసలైన యాదృచ్ఛిక డేటాని కలిపేది. అదీ పోయింది. కీల తయారీలో మిగిలిన వైవిధ్యమల్లా ప్రాసెస్ ఐడీ, అంటే 32,768 అవకాశాలు. 2008 మే నెలలో బయటపడేదాకా ఆ ప్యాకేజీతో తయారైన కీలన్నీ ఊహించదగినవే అయ్యాయి. వార్నింగ్ నిజం, మందు తప్పు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మెంబర్ల మధ్య ఖాళీగా వదిలే ప్యాడింగ్ బైట్ల గురించి చెప్పలేదు. వాటినీ పట్టించుకోవాలా?

ఫైల్‌కో, నెట్‌వర్క్‌కో స్ట్రక్చర్‌ని ఉన్నదున్నట్టు రాస్తున్నా, మెమ్‌కంప్‌తో పోలుస్తున్నా పట్టించుకోవాలి. ఒక క్యార్ పక్కన ఇంట్ ఉంటే మధ్యలో మామూలుగా 3 బైట్లు ఖాళీ. మెంబర్లన్నీ సమానమైనా మెమ్‌కంప్ తేడా చూపిస్తుంది. స్ట్రక్చర్‌ని హ్యాష్ చేసి క్యాష్‌లో వెతుకుతుంటే క్రాష్ ఉండదు, ఉన్న ఎంట్రీ దొరకదు, ప్రోగ్రాము నెమ్మదిస్తుంది అంతే. మెంబర్లని విడివిడిగా పోల్చండి, విడివిడిగా రాయండి.

ప్రశ్న: ఇంత గొడవ ఎందుకండీ, కంపైలర్ ఆప్షన్‌తో స్టాక్ అంతా, అలకేటర్‌తో హీప్ అంతా సున్నా చేసేస్తే చాలదా?

రిలీజ్ బిల్డ్‌లో చేయండి, నేను వద్దనను. పాత డేటా బయటికి కారకుండా అది అడ్డుకుంటుంది. టెస్టు బిల్డ్‌లో మాత్రం వద్దు. హీప్‌ని క్యాలక్‌తో నింపేస్తే వాల్‌గ్రైండ్‌కి అది సరిగ్గా రాసిన మెమరీలాగే కనిపిస్తుంది, ఇక అది అరవదు. పైగా సున్నా అంటే "ఏమీ లేదు" అని అన్నిచోట్లా అర్థం కాదు. ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి సిస్టమ్ ఇచ్చే నంబరు) 0 అంటే స్టాండర్డ్ ఇన్‌పుట్, యూజర్ ఐడీ 0 అంటే రూట్. ఒక క్లాస్‌లో డిస్క్రిప్టర్ మెంబర్‌ని ఇనీషియలైజ్ చేయలేదు, ఫైల్ తెరవడం ఫెయిలైంది, డిస్ట్రక్టర్ నమ్మకంగా దాన్ని మూసేసింది. చెత్త పెద్ద సంఖ్య అయితే క్లోజ్ ఈబీఏడీఎఫ్ అనే ఎర్రర్ ఇచ్చి ఊరుకునేది. సున్నా అయింది కాబట్టి స్టాండర్డ్ ఇన్‌పుట్ మూసుకుపోయింది. యూనిక్స్‌లో తర్వాత తెరిచే ఫైల్‌కి ఖాళీగా ఉన్న అతి చిన్న నంబరే ఇస్తారు, అంటే 0. ఇప్పుడు ఇన్‌పుట్ చదివే కోడ్ మీ కాన్ఫిగ్ ఫైల్‌నో, డేటాబేస్ సాకెట్‌నో చదువుతూ ఉంటుంది. ఆ మెంబర్‌కి సరైన ఆరంభ విలువ −1, ఏ కంపైలర్ ఆప్షన్ కూడా దాన్ని మీ బదులు ఊహించలేదు.